జ్వరానికి అటెండెన్స్ వేయొద్దు

ఇంజినీరింగ్ ఫైనలియర్‌లో ఒక రోజు. పొద్దున లేచేసరికి ఒళ్లు కాలిపోతోంది. గొంతులో గుటక పడటం లేదు. పది గంటలకేమో క్యాంపస్ డ్రైవ్ రాత పరీక్ష. ‘ఈ కంపెనీ మళ్లీ రాదు’ అని సీనియర్లు చెప్పిన మాటే చెవిలో మోగుతోంది. ఒక పారాసిటమాల్ మింగాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, పక్క రూమోడి టై అడిగి కట్టుకుని వెళ్లిపోయాను. సెమినార్ హాల్లో కిటికీలన్నీ మూసి, ఏసీ వేసి కూర్చోబెట్టారు. రెండు గంటలసేపు దగ్గుతూనే రాశాను. బయటికొచ్చాక ‘నూట రెండు జ్వరంలో రాశాను మామా’ అని గొప్పగా చెప్పుకున్నాను కూడా.

మూడో రోజుకి మా రూములో నలుగురికీ జ్వరమే. ముగ్గురం వారం తిరిగేసరికి లేచాం. నాలుగోవాడిది శ్రీకాకుళం జిల్లా. చిన్నప్పటి నుంచీ ఆస్తమా. మా రూములో రాత పరీక్ష పాసైంది వాడొక్కడే. ఇంటర్వ్యూ రోజున మాత్రం ఆస్పత్రి మంచం మీద నెబ్యులైజర్ మాస్కు పెట్టుకుని ఉన్నాడు. నేను రాత పరీక్షలోనే పోయాను. ఆ జ్వరంలో రాసిన ఆప్టిట్యూడ్ పేపర్ అంతకన్నా ఏం బాగుంటుంది?

‘నీ వల్లే’ అని వాడు ఒక్క మాట అనలేదు. వాళ్ల నాన్నగారు మాత్రం ఆస్పత్రి వరండాలో నన్ను పక్కకు పిలిచి, ‘బాబూ, అంత జ్వరంలో నిన్ను పరీక్షకి ఎలా రానిచ్చారు?’ అని అడిగారు. తిట్టడానికి అడగలేదు, తెలుసుకోవడానికే అడిగారు. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఇన్నేళ్లకు కాస్త చదివి, కాస్త లెక్కలు వేసి ఆ జవాబు వెతుక్కున్నాను. పరీక్షల ముందు మీకు పనికొస్తుందని రాస్తున్నాను.

పరీక్షలదీ ఫ్లూదీ ఒకటే సీజన్

ముందుగా ఒక తేడా తెలుసుకుందాం. జలుబు, ఫ్లూ రెండూ వైరస్‌ల వల్లే వస్తాయి. జలుబు తెచ్చే వైరస్‌లు రెండొందలకు పైనే ఉన్నాయి. ముక్కు కారడం, తుమ్ములు, కాస్త గొంతు నొప్పి... కొన్ని రోజులు విసిగించి పోతుంది. ఫ్లూ అలా కాదు. అది ఇన్‌ఫ్లుయెంజా అనే వైరస్ పని. పొద్దున చలాకీగా తిరిగినవాడిని సాయంత్రానికి మంచం ఎక్కిస్తుంది. జ్వరం, చలి, ఒళ్లు నొప్పులు, తలనొప్పి, పొడి దగ్గు, లేవలేనంత నీరసం. జ్వరం మూడు నాలుగు రోజుల్లో తగ్గినా దగ్గు, నీరసం రెండు వారాల దాకా వదలకపోవచ్చు.

మన దేశంలో ఫ్లూకి ఏడాదిలో రెండు సీజన్లు. ఒకటి జనవరి నుంచి మార్చి దాకా. రెండోది వానలు తగ్గుముఖం పట్టే ఆగస్టు - అక్టోబరు నెలల్లో. ఇప్పుడు మీ గోడ మీద క్యాలెండర్ చూడండి. కొన్నేళ్లుగా జేఈఈ మెయిన్ మొదటి విడత జనవరిలోనే జరుగుతోంది. గేట్, ఇంటర్ ప్రాక్టికల్స్ హడావిడి ఫిబ్రవరిలో. మార్చి వచ్చిందంటే ఇంటర్, పదో తరగతి పరీక్షలు. ఆగస్టు నుంచి అక్టోబరు అంటే ఇంజినీరింగ్ కాలేజీల్లో ప్లేస్‌మెంట్లు ఊపందుకునే కాలం. నడుమ సంక్రాంతి ఒకటి. కిక్కిరిసిన బస్సుల్లో, రైళ్లలో ఊరెళ్లి, అరిసెల డబ్బాతో పాటు జలుబునూ మోసుకుని హాస్టల్‌కి తిరిగొచ్చే వారం అది.

విద్యార్థులకీ ఫ్లూకీ ఈ చుట్టరికం కొత్తదేం కాదు. 2009లో స్వైన్ ఫ్లూగా పేరుపడ్డ హెచ్‌1ఎన్‌1 మన దేశంలో మొదట నిర్ధారణ అయింది హైదరాబాద్‌లోనే. మే నెలలో, అమెరికా నుంచి వచ్చిన ఒక యువకుడికి. ఆగస్టులో దేశంలోనే తొలి మరణం పుణెలో నమోదైంది. చనిపోయింది పద్నాలుగేళ్ల స్కూలు అమ్మాయి. ఆ తర్వాత ఆ నగరంలో స్కూళ్లు మూసేయాల్సి వచ్చింది. అప్పుడు నేను ఏడో తరగతి. అమ్మ కర్చీఫు మూతికి కట్టి స్కూలుకి పంపడం ఇంకా గుర్తే.

ఆగిపోయిన విమానం చెప్పిన పాఠం

ఫ్లూ ఎలా పాకుతుందో అర్థం కావాలంటే 1977లో అమెరికాలోని అలాస్కాలో జరిగిన ఒక ఘటన వినాలి. ఒక జెట్ విమానం టేకాఫ్ తీసుకోబోతుంటే ఇంజిన్ మొరాయించింది. విమానం నేల మీదే మూడు గంటలు ఆగిపోయింది. లోపల 54 మంది. చాలామంది దిగకుండా సీట్లలోనే కూర్చున్నారు. ఆ సమయంలో లోపలికి గాలి పంపే ఏర్పాటు పనిచేయలేదు. వాళ్లలో ఒకరికి ఫ్లూ ఉంది.

72 గంటలు తిరిగేసరికి ప్రయాణికుల్లో 72 శాతం మందికి జ్వరం, దగ్గు, ఒళ్లు నొప్పులు. విమానంలో ఎవరు ఎక్కువసేపు ఉన్నారో వాళ్లలోనే జబ్బు ఎక్కువగా కనిపించింది.

ఇది చదివినప్పుడు నాకు మా సెమినార్ హాల్ గుర్తొచ్చింది. మూసిన తలుపులు, ఏసీ, వరసగా కుర్చీలు, మధ్యలో దగ్గుతూ నేను.

ఫ్లూ పాకే దారులు మూడు. దగ్గినా తుమ్మినా పడే తుంపర్లు ఒకటి. మాట్లాడినా, ఊపిరి వదిలినా గాలిలో తేలే సన్నటి కణాలు రెండోది. వైరస్ అంటిన చేతులతో ముక్కు, కళ్లు, నోరు తాకడం మూడోది. చేతులు కడుక్కోమని స్కూల్లో ఎల్‌కేజీ నుంచీ చెబుతున్నారు. మంచిదే. గాలి సంగతే ఎవరూ ఎత్తరు. వైరస్ ఒంట్లోకి వెళ్లాక ఒకటి నుంచి నాలుగు రోజుల్లో లక్షణాలు బయటపడతాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. జ్వరం రావడానికి ఒక రోజు ముందు నుంచే మన నుంచి పక్కవాళ్లకు అంటడం మొదలవుతుంది. లక్షణాలు కనిపించాక మరో అయిదు నుంచి ఏడు రోజులు సాగుతుంది. అందుకే ‘నాకేం లేదు’ అనుకునే రోజున కూడా గదిలో గాలి ఆడాలి.

మన హాస్టల్ రూము లెక్క

ఇంజినీరు కదా, లెక్క వేయకుండా ఉండలేను. మామూలు హాస్టల్ గది ఒకటి తీసుకుందాం. పొడవు 12 అడుగులు, వెడల్పు 10, ఎత్తు 10. మొత్తం 1,200 ఘనపుటడుగులు. అంటే దాదాపు 34,000 లీటర్ల గాలి. లోపల నలుగురు కూర్చుని చదువుతున్నారు. కూర్చున్న మనిషి గంటకు సుమారు 18 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. నలుగురికీ కలిపి 72 లీటర్లు.

తలుపు, కిటికీ గట్టిగా మూస్తే ఒక్క గంటలో ఆ గదిలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 2,100 పీపీఎం పెరుగుతుంది. పీపీఎం అంటే పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలో చెప్పే కొలత. బయటి గాలిలో ఉండేది 420 వరకు. కలిపితే 2,500 దాటుతుంది. మనం వదిలే ఊపిరిలో అది సుమారు 40,000 పీపీఎం ఉంటుంది కాబట్టి 2,100ని 40,000తో భాగించండి. అయిదు శాతం వస్తుంది. తేలిక మాటల్లో చెప్పాలంటే, ఆ గదిలో మీరు పీల్చే ప్రతి ఇరవై శ్వాసల్లో ఒక శ్వాసంత గాలి అప్పటికే ఎవరో ఒకరి ఊపిరితిత్తుల్లోంచి బయటికొచ్చింది. నిజం గదుల్లో తలుపు సందుల్లోంచి కొంత గాలి మారుతుంది కాబట్టి అంకె కాస్త తగ్గుతుంది. కానీ మనం అక్కడ ఉండేది ఒక్క గంట కాదు కదా, రాత్రంతా!

కార్బన్ డయాక్సైడే జబ్బు తెస్తుందని కాదు. గదిలో వాడేసిన గాలి ఎంత ఉందో చెప్పే మీటరు లాంటిది అది. కరోనా కాలంలో, 2021లో, ఇంగ్లండ్ ప్రభుత్వం తన స్కూళ్ల కోసం దాదాపు మూడు లక్షల కార్బన్ డయాక్సైడ్ మీటర్లు ప్రకటించింది ఇందుకే. అక్కడి లెక్క ప్రకారం 800 లోపు ఉంటే గాలి బాగా ఆడుతున్నట్టు. అదే పనిగా 1,500 పైన ఉంటే ఏదో ఒకటి చేయాల్సిందే.

ఉద్యోగంలో చేరాక నేనూ ఒక మీటర్ కొన్నాను. తమ్ముడి హాస్టల్‌కి వెళ్లినప్పుడు వాళ్ల గదిలో పెట్టి చూశాను. కిటికీ మూసి నలుగురూ చదువుకుంటుంటే అంకె రెండు వేలు దాటింది. కిటికీ, దానికి ఎదురుగా ఉన్న తలుపు రెండూ తీశాం. పావుగంటలో వెయ్యి కిందికి వచ్చేసింది. రూపాయి ఖర్చు లేదు. తమ్ముడి మొహంలో ఆశ్చర్యం చూడాలి!

మినీ ప్రాజెక్ట్ కోసం తల పట్టుకుంటున్న ఈసీఈ, సీఎస్ఈ తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. ఈఎస్‌పీ32 బోర్డు, ఎన్‌డీఐఆర్ రకం కార్బన్ డయాక్సైడ్ సెన్సర్, చిన్న డిస్‌ప్లే ఉంటే ఈ మీటర్ మీరే చేయొచ్చు. చవగ్గా దొరుకుతుందని ఎంక్యూ135 లాంటి గ్యాస్ సెన్సర్ కొనకండి. అది కార్బన్ డయాక్సైడ్‌ని విడిగా కొలవలేదు. మీ క్లాస్‌రూములో వారం రోజులు అంకెలు రాసి, గ్రాఫ్ గీసి ప్రిన్సిపాల్ గారికి చూపించండి. ప్రాజెక్టు మార్కులూ వస్తాయి, కిటికీలూ తెరుచుకుంటాయి.

ఫ్యాన్ ఉందిగా అంటారా?

సీలింగ్ ఫ్యాన్ గదిలో ఉన్న గాలినే గిరగిరా తిప్పుతుంది. కొత్త గాలి తేదు. మనం మామూలుగా వాడే స్ప్లిట్ ఏసీ కూడా అంతే. లోపలి గాలినే పీల్చి, చల్లబరిచి, మళ్లీ లోపలికే వదులుతుంది. కాబట్టి ‘ఏసీ క్లాస్‌రూమ్స్’ అని బ్రోచర్‌లో వేసుకునే స్కూళ్లు, స్టడీ హాళ్లు ఒకసారి ఆలోచించాలి. బయటి గాలి వచ్చే దారి లేకపోతే ఏసీ గది కన్నా కిటికీలున్న పాత గదే నయం.

మరి కిటికీ ఎందుకు మూస్తాం? రెండు కారణాలు. మొదటిది దోమలు. నిజమైన కారణమే, డెంగీ భయం ఎవరికి లేదు? దానికి మందు కిటికీ మూయడం కాదు, కిటికీకి దోమల జాలీ కొట్టించడం. బాత్రూమ్ వైపు ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటే అది వేసి, ఎదుటి కిటికీ కొంచెం తీసినా గాలి మారుతుంది. రెండోది, ‘చల్లగాలి తగిలితే జలుబు చేస్తుంది’ అనే మాట. వైరస్ లేనిదే చల్లగాలి ఒక్కటే జలుబు తేలేదు. చలికాలంలో జలుబులు పెరగడానికి ఒక పెద్ద కారణం, అందరం తలుపులు మూసుకుని ఒకే గదిలో కూర్చోవడం. మంచు దేశాల వాళ్లకు కిటికీ తీస్తే హీటర్ బిల్లు పేలిపోతుంది. లంబసింగి, ఆదిలాబాద్ లాంటి చోట్ల వదిలేస్తే మనకా ఇబ్బంది తక్కువ. దుప్పటి కప్పుకుని కిటికీ తీసి పడుకోగలిగే ఊళ్లే ఎక్కువ. ఆ అదృష్టాన్ని మనమే గడియ పెట్టి మూసేస్తున్నాం.

అసలు భయం అటెండెన్సే

ఇప్పుడు ఆ పెద్దాయన అడిగిన ప్రశ్నకు వద్దాం. జ్వరంలో ఎలా రానిచ్చారు? రానివ్వడం కాదు అంకుల్, రాకపోతే ఏమవుతుందో అన్న భయంతో మేమే వచ్చేస్తాం. స్కూల్లో ‘ఫుల్ అటెండెన్స్’ సర్టిఫికెట్. ఇంటర్‌లో వీక్లీ టెస్టు, ర్యాంకు షీటు. ఇంజినీరింగ్‌లో 75 శాతం. ఒంట్లో బాగోకపోయినా బెంచీ మీద ఉండాలి. చిన్నప్పటి నుంచీ మనకు నేర్పింది ఇదే.

కానీ ఆ భయాన్నీ ఒకసారి లెక్క వేసి చూడండి. జేఎన్‌టీయూ లాంటి చోట సెమిస్టర్‌కి కనీసం 90 పనిదినాలు. 75 శాతం హాజరు చాలు. అంటే 22 రోజులు రాకపోయినా కొంప మునగదు. ఫ్లూ వస్తే ఇంట్లోనో రూములోనో ఉండాల్సింది నాలుగైదు రోజులు. ఒకవేళ హాజరు 65 - 75 శాతం మధ్యకు పడిపోయినా, అనారోగ్యం లాంటి సరైన కారణానికి ఆధారం చూపించి, ఫీజు కట్టి కండొనేషన్ అడిగే వీలుంది. మరి ఎక్కడ తేడా కొడుతోంది? ఆ 22 రోజులనీ ఒంట్లో బాగున్నప్పుడే ఖర్చు పెట్టేస్తాం. కొత్త సినిమా మొదటి ఆట, మాస్ బంక్, ఇండియా మ్యాచ్... జ్వరం వచ్చేసరికి ఖాతాలో ఏమీ ఉండదు. నాదీ అదే కథ. అందుకే సెమిస్టర్ మొదటి రోజే ఒక అయిదు రోజులు ‘జ్వరం ఖాతా’లో వేసుకోండి. ఎంత పెద్ద హీరో సినిమా వచ్చినా దాన్ని ముట్టుకోవద్దు.

పెద్ద పరీక్షల సంగతీ తెలుసుకోండి. జేఈఈ మెయిన్‌కి రెండు విడతలున్నాయి. రెండింట్లో మెరుగైన స్కోరునే ర్యాంకుకి తీసుకుంటారు. జనవరిలో జ్వరంతో పరీక్ష పాడైందని ఏడవక్కర్లేదు, రెండో విడత ఉంది. క్యాంపస్ డ్రైవ్ అయితే పరీక్షకు ముందే ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టండి. నేను అది కూడా చేయలేదు. అడగకుండానే ‘ఒప్పుకోరు’ అని నాకు నేనే తీర్పు చెప్పేసుకున్నాను. ఇలా నాలుగు లైన్లు చాలు:

‘సర్, నిన్న రాత్రి నుంచి 102 జ్వరం, దగ్గు ఉన్నాయి. డాక్టర్‌ని కలిశాను, చీటీ జత చేస్తున్నాను. పరీక్ష వదులుకోవాలని లేదు. వేరే తేదీ గానీ, వేరే గదిలో రాసే అవకాశం గానీ ఉంటుందేమో కంపెనీ వారిని అడిగి చెప్పగలరా?’

ఒప్పుకుంటారని హామీ ఇవ్వలేను. కానీ అడిగినవాడికే అవకాశం ఉంటుంది. బోర్డు పరీక్షలా తప్పనిసరిగా వెళ్లాల్సి వస్తే బాగా అమరే మాస్కు పెట్టుకోండి. కిటికీ పక్క సీటు ఇవ్వమని ఇన్విజిలేటర్‌ని అడగండి. గుటక గుటకగా తాగడానికి నీళ్ల సీసా దగ్గర పెట్టుకోండి.

స్కూళ్లు, కాలేజీలు చేయగలిగినవి

దీనికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. చేయాలన్న మనసు ఉంటే వచ్చే సోమవారమే మొదలుపెట్టొచ్చు.

ఫుల్ అటెండెన్స్ సర్టిఫికెట్ ఆపేయండి. మూడో తరగతి పిల్లాడు జ్వరంతో స్కూలుకొస్తే అది క్రమశిక్షణ కాదు. వాడికీ, పక్కన కూర్చున్నవాళ్లకీ, వాళ్ల ఇళ్లలో తాతయ్యలకీ నానమ్మలకీ ముప్పు. జ్వరం వచ్చినవాడి హాజరు గురించి అమ్మానాన్నలు భయపడక్కర్లేదని స్కూలే ముందుగా మెసేజ్ పెట్టాలి.

ప్రతి పీరియడ్ మధ్యలో అయిదు నిమిషాలు తలుపులు, కిటికీలు అన్నీ తెరవండి. ప్రొజెక్టర్ కోసం కర్టెన్లు వేసినా వెనక కిటికీ ఒకటి తీసి ఉంచండి. కిటికీల బాధ్యత క్లాస్ లీడర్‌కి ఇస్తే పిల్లలే పోటీపడి చేస్తారు.

కుళాయి దగ్గర సబ్బు ఉందో లేదో రోజూ చూడండి. చాలాచోట్ల ‘చేతులు కడుక్కోండి’ అనే బోర్డు ఉంటుంది, కింద సబ్బు ఉండదు. సబ్బుతో కనీసం ఇరవై సెకన్లు, వేళ్ల సందులు, గోళ్లతో సహా కడగాలి. ఉక్కు, ప్లాస్టిక్ లాంటి నునుపైన వస్తువుల మీద ఫ్లూ వైరస్ 24 నుంచి 48 గంటల దాకా బతకగలదు. అంటే తలుపు గడియ, ల్యాబ్ కీబోర్డు, మెస్‌లో గరిటె. అన్నిటికన్నా ముందు... మన ఫోన్!

హాస్టల్లో ఒక్క గది ‘సిక్ రూమ్’గా విడిగా ఉంచండి. దానికి కిటికీ ఉండాలి. మెస్ నుంచి భోజనం అక్కడికే పంపాలి. గది లేకపోతే జ్వరం వచ్చినవాడి మంచం కిటికీ పక్కకు మార్చండి. మిగతావాళ్లు వాడి తల వైపు కాళ్లు వచ్చేలా పడుకోండి. ముఖాల మధ్య దూరం పెరుగుతుంది. గ్లాసు, తువ్వాలు, వాటర్ బాటిల్ ఎవరివి వాళ్లవే.

జ్వరం వచ్చేసింది, ఇప్పుడేం చేయాలి?

ఫ్లూ వచ్చినవాళ్లలో ఎక్కువమంది విశ్రాంతితోనే కోలుకుంటారు. కానీ మన హాస్టళ్లలో మొదట జరిగేది పక్క రూములో మిగిలిన మాత్రలు వేసుకోవడం. అజిత్రోమైసిన్ అంటే మనకు చాక్లెట్‌తో సమానం. యాంటీబయాటిక్ బ్యాక్టీరియా మీద పనిచేస్తుంది, వైరస్ మీద కాదు. 2023 మార్చిలో హెచ్‌3ఎన్‌2 ఫ్లూ, దగ్గు కేసులు పెరిగినప్పుడు ఇండియన్ మెడికల్ అసోసియేషన్ ప్రత్యేకంగా ఈ మాటే చెప్పింది: ఇలాంటి జ్వరాలకు అనవసరంగా యాంటీబయాటిక్స్ వాడొద్దు అని.

జ్వరానికి పారాసిటమాల్ చాలు, అదీ డాక్టర్ చెప్పిన మోతాదులో. మెడికల్ షాపులో ఇచ్చే చాలా జలుబు మాత్రల్లో కూడా పారాసిటమాల్ ఉంటుంది. రెండూ కలిపి వేసుకుంటే మోతాదు మించుతుంది, కాలేయానికి ప్రమాదం. పిల్లలకు, టీనేజీ వారికి ఆస్పిరిన్ ఇవ్వొద్దు. వానాకాలపు జ్వరమైతే డెంగీ కాదని తేలేవరకు ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రల జోలికి వెళ్లొద్దు.

నీళ్లు, మజ్జిగ, జావ, చారన్నం... ఏది గొంతు దిగితే అది తీసుకోండి. అమ్మ పెట్టే మిరియాల చారు గొంతుకు హాయినిస్తుంది, వైరస్‌ని చంపదు. ఆవిరి కూడా అంతే. హాస్టల్లో కెటిల్ మీదకి వంగి ఆవిరి పట్టబోయి కాల్చుకోవద్దు.

ఆస్తమా, షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్లు మాత్రం మొదటి రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఫ్లూకి ఓసెల్టామివిర్ అనే మందు ఉంది. లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు ఇస్తే బాగా పనిచేస్తుంది. అవసరమో కాదో డాక్టరే నిర్ణయిస్తారు. మా శ్రీకాకుళం మిత్రుడు ‘చూద్దాంలే’ అని మూడు రోజులు ఆగాడు. ఆగమన్నది మేమే.

ఊపిరి ఆడకపోవడం, ఛాతీలో నొప్పి, మాట తడబడటం, మత్తుగా పడి ఉండటం, మూత్రం బాగా తగ్గిపోవడం, తగ్గిన జ్వరం మళ్లీ ఎక్కువగా రావడం... వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు. వార్డెన్‌ని లేపండి, 108కి ఫోన్ చేయండి. తిడతారేమోనని చూడకండి.

తిరిగి క్లాసుకి ఎప్పుడు? మాత్ర వేసుకోకుండా 24 గంటల పాటు జ్వరం రాకపోతే, ఒంట్లో తేలికపడితే. ఆ తర్వాత కూడా కొన్ని రోజులు మాస్కు పెట్టుకుంటే పక్కవాళ్లకి మేలు.

ముందే పెట్టుకునే రక్షణ

ఫ్లూకి టీకా ఉంది. వైరస్ మారుతూ ఉంటుంది కాబట్టి ఏటా వేసుకోవాలి. వేసుకున్నాక రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది. టీకాలోని రకాలు ఆ ఏటి వైరస్‌కి బాగా కుదిరిన సీజన్లలో ఆస్పత్రికి పరుగెత్తాల్సిన పరిస్థితిని 40 నుంచి 60 శాతం దాకా తగ్గిస్తుంది. నూరు శాతం కాదు, కానీ హెల్మెట్ కూడా నూరు శాతం కాదు కదా? మన ప్రభుత్వ సార్వత్రిక టీకాల జాబితాలో ఇది లేదు, సొంత ఖర్చుతో వేయించుకోవాలి. ఆస్తమా లాంటివి ఉన్న విద్యార్థులు డాక్టర్‌తో తప్పకుండా మాట్లాడాలి. ఎంఎస్‌కి అమెరికా వెళ్తున్నవారికి ఇంకో మాట: అక్కడ చాలా యూనివర్సిటీలు ఫాల్ సెమిస్టర్‌లో క్యాంపస్‌లోనే ఫ్లూ టీకా క్లినిక్‌లు పెడతాయి. ఆ మెయిల్‌ని స్పామ్ అనుకుని డిలీట్ చేయకండి.

ఖర్చు లేని ఇంకో రక్షణ నిద్ర. 2015లో ‘స్లీప్’ అనే వైద్య పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. 164 మంది ఆరోగ్యవంతుల నిద్రను వారం పాటు గమనించి, తర్వాత వాళ్ల ముక్కులో జలుబు వైరస్ చుక్కలు వేశారు. ఏడు గంటలకు పైగా నిద్రపోయినవారితో పోలిస్తే ఆరు గంటల లోపు పడుకున్నవారికి జలుబు చేసే అవకాశం నాలుగు రెట్లకు పైగా ఎక్కువని తేలింది. పొద్దున అయిదుకి లేపి, రాత్రి పదకొండున్నర దాకా స్టడీ అవర్స్ పెట్టే కాలేజీలు ఈ లెక్క కూడా ర్యాంకుల బోర్డు పక్కన రాసుకోవాలి.

అందరం జాగ్రత్తపడితే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ కూడా మన కళ్ల ముందే ఉంది. బీ-యమగాటా అనే ఫ్లూ రకం ఏటా ప్రపంచమంతా తిరిగేది. మాస్కులు, దూరం, ప్రయాణాలు ఆగిపోవడం... ఆ రోజులు మొదలైన 2020 మార్చి తర్వాత అది సహజంగా తిరుగుతున్నట్టు ఎక్కడా నిర్ధారణ కాలేదు. టీకాలోంచి కూడా దాన్ని తీసేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. మళ్లీ లాక్‌డౌన్ కావాలని ఎవరూ కోరుకోం. కానీ ‘ఫ్లూ కదా, అందరికీ వస్తుంది, ఏం చేస్తాం’ అని చేతులెత్తేయక్కర్లేదని అది చెబుతోంది.

ఆ మిత్రుడు ఇప్పుడు విశాఖలో మంచి ఉద్యోగంలోనే ఉన్నాడు. ఆరు నెలలు ఆలస్యమైంది, అంతే అంటాడు. ఆ ఆరు నెలలు వాళ్లింట్లో అప్పు మీద వడ్డీ ఎలా పెరిగిందో నాకు తెలుసు. మొన్న ఫోన్ చేసినప్పుడు నాకు జలుబని గొంతులోనే పట్టేశాడు. ‘ఆఫీసుకెళ్లావేంట్రా?’ అన్నాడు. ‘లేదు మామా, లీవు పెట్టి ఇంట్లోనే ఉన్నా’ అన్నాను. ‘పర్లేదు, ఇంజినీరువి అయ్యావ్’ అని నవ్వాడు.

వాళ్ల నాన్నగారికి ఇప్పుడు జవాబు చెప్పగలను. జ్వరం వచ్చిన రోజున ‘ఇవాళ రాకు, పడుకో’ అని నాకు ఎవరూ చెప్పలేదు అంకుల్, నాకు నేనూ చెప్పుకోలేదు. ఈ సీజన్‌లో మీ రూములో ఎవరికైనా ఒళ్లు కాలుతుంటే ఆ మాట మీరు చెప్పండి. చెప్పి, లేచి ఆ కిటికీ తీయండి.